షోరూమ్‌కు మిగిలేదెంత, మనం అడగాల్సిందెంత?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 33 ఏళ్ళు. నాన్నగారితో కలిసి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు చూసుకుంటాను. చిన్నప్పటి నుంచి స్పోర్ట్స్ కారంటే పిచ్చి. దసరాకే తీసుకుందామనుకున్నాను, అప్పుడు నాన్నగారు ఒప్పుకోలేదు. ఇప్పుడు సరే అన్నారు. జర్మన్ కంపెనీ కారు, మన దేశంలోనే కూర్చినది, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. ఎక్స్-షోరూమ్, అంటే లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలపక ముందు ధర, 75 లక్షలు. విజయవాడ షోరూమ్‌లో అన్నీ కలిపి ఆన్-రోడ్ 95 లక్షల 90 వేలు చెప్పి, "మీ కోసం లక్షన్నర తగ్గిస్తున్నాం సార్, ఇంతకు మించితే మాకేమీ మిగలదు" అంటున్నారు. ఫ్రెండ్సేమో ఇలాంటి కార్ల మీద డీలర్‌కు పది, పదిహేను లక్షలు మిగులుతాయి, ఐదు లక్షలు తగ్గించమని గట్టిగా అడుగు అంటున్నారు. నాన్నగారు తెలిసినవాళ్ళతో చెప్పిద్దామంటున్నారు. అసలు వాళ్ళకెంత మిగులుతుంది? నేనెంత అడగాలి? అంత పెద్ద షోరూమ్‌లో బేరమాడితే చులకనైపోతానేమోనని కూడా ఉంది. కొటేషన్ జతచేశాను.

సమాధానం: మీరు చివర రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. రోజూ పొద్దున్నే టిక్కీలో (మిర్చి బస్తాలో) మోచేతి దాకా చెయ్యి పెట్టి, లోపలి నుంచి నాలుగు కాయలు తీసి, తొడిమ చూసి, రంగు చూసి, విరిచి తేమ చూసి క్వింటాలుకు ధర కట్టే ఇంటి మనిషి మీరు. వంద రూపాయల తేడా దగ్గర గంటసేపు మాట్లాడే బజారులో పుట్టి పెరిగారు. ఏసీ గది, మెత్తటి సోఫా, కాఫీ కప్పు కనబడగానే ఆ చెయ్యి జేబులో పెట్టేసుకోవాల్సిన అవసరం ఏముంది? ఆ షోరూమ్‌లో రోజూ జరిగేది బేరమే. కోటి రూపాయల కారు కొనేవాళ్ళు మీకంటే గట్టిగా బేరమాడతారు. పదమూడేళ్ళు విజయవాడలో ఒక కార్ల షోరూమ్‌లో బిల్లింగ్ చూశాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. బేరమాడిన కస్టమర్‌ని చులకనగా చూడటం నేనెప్పుడూ చూడలేదు. ఏది అడగాలో తెలియకుండా అడిగినవాళ్ళ దగ్గర మాత్రం మేనేజర్లు నిశ్చింతగా ఉండేవాళ్ళు.

మీ ఫ్రెండ్స్ చెప్పిన పది, పదిహేను లక్షల లెక్క తప్పు. ఎందుకో కాగితం మీద వేసి చూద్దాం.

2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. అంతకు ముందు 28 శాతం జీఎస్టీ, దాని మీద సెస్సు వేరుగా ఉండేవి. మీరు చూస్తున్న 75 లక్షల ఎక్స్-షోరూమ్ ధరలో ఆ 40 శాతం కలిసే ఉంది. దాన్ని తీసేస్తే కారు అసలు విలువ 53 లక్షల 57 వేలు. జీఎస్టీ 21 లక్షల 43 వేలు. ఆ పైన ఆంధ్రప్రదేశ్‌లో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్సు 18 శాతం, అంటే మీ కొటేషన్‌లో ఉన్న 13 లక్షల 50 వేలు. ఈ రెండూ కలిపితేనే దాదాపు 35 లక్షలు. మీరు కట్టే 95 లక్షల్లో మూడో వంతుకు పైగా డీలర్ గల్లాపెట్టెలోకి రాదు, ప్రభుత్వాలకు వెళుతుంది. బేరం దగ్గర కూర్చునేటప్పుడు ఈ 35 లక్షలను మనసులోంచి తీసేయండి. ఆ పన్నుల శాతాన్ని ఏ షోరూమూ తగ్గించలేదు.

మిగిలిన 53 లక్షల 57 వేలలో ఎక్కువ భాగం కంపెనీది. మన దేశంలో కొత్త కార్ల మీద డీలర్‌కు కంపెనీ ఇచ్చే మార్జిన్ మామూలుగా 3 నుంచి 5 శాతం మధ్య నడుస్తుంది. ఖరీదైన కార్ల మీద కాస్త ఎక్కువ ఉంటుంది. 5 శాతం వేసుకుంటే 2 లక్షల 68 వేలు. ధారాళంగా 7 వేసుకున్నా 3 లక్షల 75 వేలు. అందులోనే షోరూమ్ అద్దె, కరెంటు, జీతాలు, డెమో కార్ల ఖర్చు, మీకిచ్చిన కాఫీ. ఐదు లక్షలు తగ్గించమంటే సేల్స్ కుర్రాడు నవ్వి ఊరుకుంటాడు, ఆ తరువాత మీరు చెప్పే ఏ అంకెనూ పట్టించుకోడు. నిజానికి మీ వాళ్ళిచ్చిన సలహాలో పెద్ద నష్టం అదే.

అలాగని "మాకేమీ మిగలదు" అన్న మాటనూ నమ్మేయకండి. కారు మీద మిగిలేది తక్కువ, నిజమే. కారు చుట్టూ ఉన్నవాటి మీద మిగులుతుంది. ఇన్సూరెన్సు మీద కమీషన్, లోన్ ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే పేఅవుట్, కోటింగులు, యాక్సెసరీలు, పొడిగించిన వారంటీ, పాత కారు ఎక్స్‌చేంజి, ఆ తరువాత ఏళ్ళ తరబడి సర్వీసు, స్పేర్ పార్టులు. వీటన్నిటి పైన, కంపెనీ పెట్టిన టార్గెట్ అందుకుంటే మూడు నెలలకోసారి వచ్చే బోనస్. ఒక్కోసారి ఆ బోనస్ ముందు పది కార్ల మార్జిన్ కూడా చిన్నదే.

ఒక సంగతి చెబుతాను. నేను పనిచేసిన చోట ఒక డిసెంబరు 31న టార్గెట్‌కు ఒకే ఒక్క కారు తక్కువ పడింది. రాత్రి తొమ్మిదిన్నర దాకా కంప్యూటర్ మూయనివ్వలేదు మమ్మల్ని. సాయంత్రం నాలుగింటికి ఒక డాక్టరు గారు వచ్చి, ముందు మాట్లాడుకున్న ధరకే, పైసా తగ్గించమనకుండా బిల్లు చేయించుకుని వెళ్ళారు. రాత్రి ఎనిమిదికి అదే మోడల్, అదే రంగు కారును ఇంకొకాయనకు ఫోను చేసి పిలిచి మరీ మూడు లక్షలు తగ్గించి ఇచ్చారు. ఇద్దరి బిల్లులూ నా చేత్తోనే కొట్టాను. డాక్టరు గారు మంచి మనిషి, వెళుతూ మా అందరికీ స్వీట్ల డబ్బా కూడా ఇచ్చి వెళ్ళారు. ఆయన ఏ తప్పూ చేయలేదు, రోజు చూసుకోలేదంతే. ఆ రెండు బిల్లులూ ఒకే ఫైలులో పెట్టినప్పుడు మనసుకు కష్టమనిపించింది. ఇలాంటి ఉత్తరాలకు ఇంత వివరంగా జవాబు రాయడానికి ఆ రోజు కూడా ఒక కారణం.

కాబట్టి మీకు మొదటి ఆయుధం క్యాలెండర్. జర్మన్ కంపెనీలకు లెక్కల సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. అంటే డిసెంబరు చివరి వారంలో నెల టార్గెట్, మూడు నెలల టార్గెట్, ఏడాది టార్గెట్ మూడూ ఒకేసారి మెడ మీద ఉంటాయి. మన వైపు ఇంకో విషయం కలిసొస్తుంది. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, శూన్యమాసమని మనవాళ్ళు కొత్త బండి ఇంటికి తెచ్చుకోరు. ఆషాఢంలోనూ ఇంతే. ఆ రోజుల్లో షోరూమ్‌లు బోసిపోతాయి. టార్గెట్ తరుముతుంటుంది, కొనేవాడు కనబడడు. మీ ఇంట్లో పట్టింపు ఉంటే బిల్లు డిసెంబరు 29న, డెలివరీ సంక్రాంతి వెళ్ళాక అని ముందే రాయించుకోండి. మా దగ్గర ఇలా చాలామంది చేశారు. ఒక్క జాగ్రత్త: బిల్లు, ఇన్సూరెన్సు మొదలైన రోజు నుంచి బండి మీదే. డెలివరీ దాకా వాళ్ళ యార్డులో దానికేమైనా జరిగితే బాధ్యత షోరూమ్‌దేనని ఒక ఈమెయిల్‌లో తీసుకోండి. దసరా, దీపావళి, ఉగాది ముందు మాత్రం ధర తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. ముహూర్తానికి కారు కావాలనే వాళ్ళు క్యూలో ఉన్నప్పుడు తగ్గించాల్సిన అవసరం ఎవరికీ లేదు. దసరాకు నాన్నగారు ఒప్పుకోకపోవడం ఈ లెక్కన మీకు మేలే చేసింది.

రెండో ఆయుధం కారు వయసు. ఇది మీకు చెప్పడం చాలా తేలిక. ధర వస్తుందని కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు పెడతారు. ధర రాలేదు. అద్దె ఎక్కుతుంది, పెట్టుబడి మీద వడ్డీ ఎక్కుతుంది, కొత్త పంట యార్డులోకి దిగుతుంది. ఆ సరుకును వదిలించుకోవడానికి మీ నాన్నగారు చివరికి ఏ ధరకు దిగుతారో మీకు తెలుసు. షోరూమ్ స్టాక్‌యార్డులో కవరు కప్పి ఉన్న కారు అచ్చం అదే. డీలర్ దాన్ని కంపెనీ దగ్గర జీఎస్టీతో సహా డబ్బు కట్టి తెచ్చుకుంటాడు, అదీ బ్యాంకు అప్పుతో. మీ కారు అతనికి 71 లక్షలకు పడిందనుకుందాం. 9.5 శాతం వడ్డీ అంటే నెలకు సుమారు 56 వేలు. ఐదు నెలలు కదలకుండా కూర్చుంటే 2 లక్షల 80 వేలు. మార్జిన్ మొత్తం వడ్డీకే పోయింది. మొదట్లో కొన్నాళ్ళ వడ్డీ కంపెనీలే భరించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది కానీ, ఆ గడువు దాటిన రోజు నుంచి ప్రతి ఉదయం ఆ కారు డీలర్ కళ్ళలో పడుతూనే ఉంటుంది.

అందుకని "ఎంత తగ్గిస్తారు" అని అడగడానికి ముందు "నాకిచ్చే కారు ఏ నెలలో తయారైంది, ఛాసిస్ నంబరేమిటి" అని అడగండి. కొటేషన్ మీద ఛాసిస్ నంబరు రాయమనండి. నోటి మాట చాలదు. అమ్మకపు సర్టిఫికెట్టు, అంటే ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఆర్‌సీలోనూ అదే పడుతుంది. రేపు మీరు అమ్ముకునేటప్పుడు కొనేవాడు చూసేది ఆ సంవత్సరమే. స్టాక్‌యార్డుకు వెళ్ళి టైరు పక్కన కూర్చుని చూడండి. టైరు పక్క గోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గీత మధ్యలో నాలుగంకెలు ఉంటాయి. 2225 అని ఉంటే 2025లో 22వ వారం, అంటే మే చివరలో చేసిన టైరు. కారు దాని తరువాతే తయారై ఉంటుంది. డిసెంబరులో చూస్తున్న కారుకు ఈ అంకె ఉంటే ఆ బండి కొన్ని నెలలుగా నిలబడి ఉండే అవకాశం ఉంది. ఆ ముక్క మీ నోటి నుంచి వచ్చిన క్షణం నుంచి బేరం తీరే మారిపోతుంది. అలాంటి కారైతే మీరు ఇంకో లక్ష, లక్షన్నర అడగడం న్యాయం. పోయిన నెలలో వచ్చిన కారైతే అంత అడగకండి.

తగ్గించిన సొమ్ము ఎక్కడ చూపిస్తారన్నది కూడా ముఖ్యం. తగ్గింపు బిల్లులోనే ఉంటే దాని మీద జీఎస్టీ కూడా తగ్గుతుంది. మీకు లక్షన్నర తగ్గితే అందులో డీలర్ చేతి నుంచి పోయేది లక్షా 7 వేలు మాత్రమే, మిగతా 43 వేలు పన్ను. "సార్, బిల్లులో వద్దు, లక్షన్నర యాక్సెసరీలు ఫ్రీగా వేయిస్తా" అని అంటారు చూడండి, ఆ యాక్సెసరీలు వాళ్ళకు లక్షన్నరకు పడవు. ఎప్పుడైనా సరే బిల్లులో తగ్గింపే అడగండి. ఇంకో ప్రశ్న కూడా వేయండి: "ఈ లక్షన్నరలో కంపెనీ ఇచ్చేదెంత, మీరిచ్చేదెంత?" చాలాసార్లు కంపెనీ పెట్టిన స్కీము సొమ్మునే తమ జేబులోంచి ఇస్తున్నట్టు చెబుతారు. జవాబు సూటిగా రాకపోయినా, అడిగినవాడికి ఆ లెక్క తెలుసని వాళ్ళకు అర్థమవుతుంది.

ఇక మీ కొటేషన్. నాకైతే అసలు డబ్బు ఇక్కడే కనబడింది.

ఇన్సూరెన్సు 3 లక్షల 20 వేలు. ఫలానా చోటే తీసుకోవాలని షోరూమ్ పట్టుబట్టడానికి వీల్లేదు. అవే కవర్లతో బయట రెండు చోట్ల కొటేషన్ తెప్పించి టేబుల్ మీద పెట్టండి. ఇంత ఖరీదు కారుకు 60 నుంచి 80 వేల తేడా రావడం నేను మామూలుగా చూసిందే. చాలాసార్లు షోరూమ్ వాళ్ళే ఆ ధరకు దిగివస్తారు. దిగితే వాళ్ళ దగ్గరే తీసుకోండి, క్లెయిమ్ అప్పుడు పని సులువు. కానీ ప్రీమియం తగ్గించడానికి కవర్లు మాత్రం తీసేయకండి, దయచేసి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళ ముందు ఎన్ని కార్లు నీళ్ళలో మునిగాయో మీరూ చూసే ఉంటారు. ఆ తరువాతి వారాల్లో వర్క్‌షాపుల ముందు బురద పట్టిన కార్లు వరుసగా నిలబడి ఉంటే, నీళ్ళు చేరి పాడైన ఇంజిన్‌కు డబ్బిచ్చే ఇంజిన్ ప్రొటెక్షన్ లేని పాలసీ కాగితం పట్టుకుని దిగాలుగా కూర్చున్నవాళ్ళతో నేను మాట్లాడాను. మీది నేలకు దగ్గరగా ఉండే కారు. నీళ్ళున్న చోట మామూలు కారుకంటే ముందు దానికే ముప్పు. జీరో డిప్రిసియేషన్ (మార్చిన పార్టుల మీద తరుగు కోయకుండా ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్షన్, రిటర్న్ టు ఇన్‌వాయిస్ (కారు పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది) మూడూ ఉంచుకోండి. మామూలు పాలసీలో కొత్త కారుకు కట్టే విలువ ఎక్స్-షోరూమ్‌లో 95 శాతమే. కారు పూర్తిగా పోతే మీరు కట్టిన 13 లక్షల 50 వేల లైఫ్ ట్యాక్సు దాంట్లో ఉండదు. రిటర్న్ టు ఇన్‌వాయిస్‌లో లైఫ్ ట్యాక్సు కూడా కలుస్తుందో లేదో పాలసీ చదివి, కలిసేదే తీసుకోండి.

సిరామిక్ కోటింగు, ఫిల్ము కలిపి లక్షా 25 వేలు. కొటేషన్‌లోంచి మొత్తంగా తీయించేయండి. కావాలంటే నెల తరువాత బయట మంచి డిటైలింగ్ షాపులో, వాళ్ళు వాడే ఫిల్ము ఏ కంపెనీదో చూసి, మీ కళ్ళ ముందు వేయించుకోండి. షోరూమ్‌లో దీని మీద ఉన్నంత మార్జిన్ కొటేషన్‌లో ఇంకే లైనులోనూ ఉండదు.

హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్ 25 వేలు. ఇది ప్రభుత్వ రుసుము కాదు. కారును అమ్మకానికి సిద్ధం చేసి మీకివ్వడం డీలర్ పని, ఆ ఖర్చు మార్జిన్‌లోనే ఉంది. "ఈ లైను తీసేయండి, లేదా ఇది దేనికో రశీదు మీద రాసివ్వండి" అనండి చాలు. సాధారణంగా తీసేస్తారు. కింద రిజిస్ట్రేషన్, ఇతరములు అని 15 వేలు ఉంది, అందులో నంబరు ప్లేటు ఖర్చు కలిసి ఉంటే దాన్నీ ప్రశ్నించండి. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన కార్లకు హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీయే కారుతో పాటు ఇవ్వాలి.

పొడిగించిన వారంటీ, సర్వీసు ప్యాకేజీ లక్షా 80 వేలు. దీన్ని మాత్రం ఉంచమనే చెబుతాను. ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, కారు నిండా ఎలక్ట్రానిక్స్. వారంటీ అయిపోయాక ఒక్క పెద్ద రిపేరు వచ్చినా ఈ డబ్బు కనబడకుండా పోతుంది. దీని మీద కూడా ఎంతో కొంత తగ్గుతుంది, అడగండి.

టీసీఎస్ అని 75 వేలు ఉంది, 10 లక్షలు దాటిన కారు మీద ఆదాయపు పన్ను కింద షోరూమ్ ముందే వసూలు చేసే 1 శాతం. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. రిటర్న్ వేసేటప్పుడు మీ పన్నులో సర్దుకోవచ్చు లేదా రిఫండ్ అడగవచ్చు. పాన్ నంబరు బిల్లు మీద తప్పు లేకుండా ఉందో లేదో చూసుకోండి. కారు కొట్టు ఫర్మ్ పేరు మీద తీసుకుంటే 21 లక్షల జీఎస్టీ వెనక్కొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, సొంత వాడకపు కార్ల మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. తరుగుదల, వడ్డీల సంగతి మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

ఇప్పుడు కూడికలు. ఇన్సూరెన్సులో 80 వేలు, కోటింగు లక్షా 25 వేలు, హ్యాండ్లింగ్ 25 వేలు. మొత్తం 2 లక్షల 30 వేలు. కారు ధర మీద ఒక్క మాట కూడా మాట్లాడకుండా వచ్చిన డబ్బు ఇది. వాళ్ళిస్తామన్న లక్షన్నర పోను మీ కొటేషన్ 94 లక్షల 40 వేలు కదా, అది 92 లక్షల 10 వేలకు దిగింది. కారు మూడు నాలుగు నెలలుగా నిలబడి ఉన్నదైతే బిల్లులో ఇంకో లక్ష. 91 లక్షల 10 వేలు. ఇది నా అంచనాలో మీకూ వాళ్ళకూ కూడా నిలబడే ధర. టీసీఎస్ సర్దుబాటు చూసుకుంటే మీ చేతి నుంచి నికరంగా పోయేది 90 లక్షల 35 వేలు. దీనికంటే కిందికి లాగడానికి నెలల తరబడి తిరగవద్దని నా సలహా. కారు కొన్న తరువాత ప్రతి సర్వీసుకూ మీరు వెళ్ళేది ఆ గేటు లోపలికే. అక్కడ మీ బండి చూడగానే ముఖం తిప్పుకునేంత బేరం అవసరం లేదు.

లోన్ గురించి మీరేమీ రాయలేదు, కానీ తీసుకునే ఉద్దేశం ఉంటే ఒక్క లెక్క. 50 లక్షలకు ఐదేళ్ళలో వడ్డీ 9 శాతమైతే నెలకు లక్షా 3 వేల 792, తొమ్మిదిన్నరైతే లక్షా 5 వేల 9. అర శాతం తేడాకు మొత్తం మీద 73 వేలు. ముందు మీ బ్యాంకు రేటు చేతిలో పెట్టుకుని వెళ్ళండి. "ఈఎంఐ ఎంతలో ఉండాలి సార్?" అని అడిగితే జవాబు చెప్పకండి. ధర తేలాకే లోన్ మాట. ఈఎంఐ చాలా తక్కువ చూపించే స్కీముల్లో చివర్లో ఒక పెద్ద వాయిదా ఉంటుంది, అది అడిగి రాయించుకోండి.

నాన్నగారు చెప్పే సిఫారసు సంగతి. గౌరవంగానే చెబుతున్నాను, దానివల్ల మర్యాద పెరుగుతుంది, ధర పెద్దగా తగ్గదు. పెద్దమనిషి ఫోను చేస్తే మేనేజర్ ఒక పాతిక వేలు తగ్గించి "మీ మాట కాదనలేక" అంటారు. ఆ తరువాత మీరు నోరెత్తి అడగలేరు, పెద్దాయన మాట పోతుంది కాబట్టి. ఆ ఫోను కంటే హైదరాబాదు షోరూమ్ నుంచి అదే మోడల్‌కు తెచ్చిన రాతపూర్వక కొటేషన్ బలమైనది. ఎక్స్-షోరూమ్ వరకే పోల్చండి. మీ చిరునామా గుంటూరు కాబట్టి లైఫ్ ట్యాక్సు ఎలాగూ ఇక్కడే.

లైఫ్ ట్యాక్సు అంటే గుర్తొచ్చింది. 13 లక్షల 50 వేలు మిగులుతాయి, పుదుచ్చేరి చిరునామాతో రిజిస్ట్రేషన్ చేయిద్దాం అని చెప్పేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. ఆ దారిలోకి వెళ్ళకండి. ఉండని ఊళ్ళో ఉన్నట్టు అద్దె కాగితం పుట్టించడం నేరం. గుంటూరు రోడ్ల మీద అలాంటి కారు ఒకసారి కంటపడితే ఆ ట్యాక్సు ఎలాగూ కట్టించుకుంటారు, పైన జరిమానా, కేసు, తిరుగుడు. క్లెయిమ్ వచ్చినప్పుడు తప్పుడు చిరునామా ఇంకో తలనొప్పి. ఆ కారు నడుపుతూ ప్రతి చెక్‌పోస్టు దగ్గరా టెన్షన్ పడటానికి కాదు కదా ఇన్నేళ్ళు ఎదురుచూసింది. రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేని బీహెచ్ సిరీస్ కూడా మీకు వర్తించదు, అది ప్రభుత్వ ఉద్యోగులకూ, నాలుగు లేదా అంతకు మించిన రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీల ఉద్యోగులకూ ఉద్దేశించింది.

ఇక్కడి దాకా చెప్పిందంతా ఇక్కడే కూర్చి, స్టాకులో నిలబెట్టి అమ్మే కార్ల సంగతి. లెక్కపెట్టి దిగుమతి చేసుకునేవాటికి ఇది పనిచేయదు. 2025లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ మొదటి విడత 150 కార్లు, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 100 కార్లు, రెండూ ధర ప్రకటించక ముందే బుక్కైపోయాయి. అలాంటిదాని మీద మీ మనసు పడితే తగ్గింపు మరచిపోయి, కోటింగు, ఇన్సూరెన్సు అంటగట్టకుండా చూసుకుంటే చాలు.

డబ్బు కట్టే దగ్గర అజాగ్రత్త వద్దు. బుకింగ్ అడ్వాన్సుతో సహా ప్రతి రూపాయీ డీలర్ కంపెనీ పేరున్న ఖాతాకే ఆర్టీజీఎస్ చేయండి. మా బంధువు ఒకాయన "రేపు సాయంత్రంతో స్కీము అయిపోతుంది" అన్నాడని సేల్స్ కుర్రాడి ఫోను నంబరుకు లక్ష పంపించాడు. వారం తరువాత ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాడు. రశీదు లేదు కాబట్టి షోరూమ్ తమకు సంబంధం లేదంది. ఆ లక్ష ఇప్పటికీ రాలేదు. మీది నగదు నడిచే వ్యాపారం కాబట్టి ఇంకొకటి: ఒక కొనుగోలుకు 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం 2017 నుంచి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, విడగొట్టి ఇచ్చినా సరే. అడ్వాన్సు రశీదు మీద ఛాసిస్ నంబరు, రంగు, తుది ధర, రద్దు చేసుకుంటే డబ్బు ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారో రాయించండి.

మాట్లాడటానికి శనివారం, ఆదివారం వెళ్ళకండి, రద్దీలో ఎవరూ మీకు సమయం ఇవ్వరు. మంగళవారం లేదా బుధవారం మధ్యాహ్నం వెళ్ళి, సేల్స్ కుర్రాడితో కాకుండా సేల్స్ మేనేజర్‌తో కూర్చోండి. "మేనేజర్ గారిని అడిగొస్తా సార్" అని అద్దాల గదిలోకి వెళ్ళి పది నిమిషాల తరువాత వచ్చే తతంగం దానితో తప్పుతుంది. మీ మాట ఇలా ఉంటే సరిపోతుంది: "ఈ ఛాసిస్ నంబరు కారు, బిల్లులో ఇంత తగ్గింపు, ఈ ఇన్సూరెన్సు ఈ ధరకు, కోటింగు లేదు, హ్యాండ్లింగ్ లేదు. మొత్తం 91 లక్షల 10 వేలు. ఒప్పుకుంటే ఇప్పుడే ఇక్కడే అడ్వాన్సు ఆర్టీజీఎస్ చేస్తాను." చెప్పి ఊరుకోండి. ఆ మౌనంలో మీరు ఇంకేదో మాట కలిపి తగ్గకండి. కుదరదంటే కొటేషన్ మడిచి జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి వచ్చేయండి. 29, 30 తేదీల్లో ఫోను దగ్గర పెట్టుకోండి.

అన్నీ కుదిరాక, రిజిస్ట్రేషన్‌కు కాగితాలు వెళ్ళకముందే పగటి వెలుగులో ఒకసారి కారు చూడండి. షోరూమ్ దీపాల కింద కాదు, యార్డులో ఎండలో. ఛాసిస్ నంబరు మీ రశీదుతో కలుస్తోందా, మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోంది, బంపరు కింద అంచు గీసుకుపోయిందా, తలుపుల రంగు ఒకదానితో ఒకటి కలిసిందా, అద్దాల మీద తయారీ సంవత్సరాలు ఒకటేనా. వీలైతే అదే మోడల్ డెమో కారును మీ వీధిలోకి తెప్పించి, మీ ఇంటి ముందున్న స్పీడ్‌బ్రేకర్ మీదుగా, మీ కొట్టు గేటు వాలు మీదుగా ఒక్కసారి మీరే నడిపి చూడండి. నాన్నగారిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆయన మోకాళ్ళకు ఇబ్బందిగా ఉందేమో కూడా అప్పుడే తెలుస్తుంది.